సబ్బు వాసన

పిల్లల ఆసుపత్రి గది. నర్సు ఎదురుగా, ఒళ్ళో రెండేళ్ళ పాపతో తల్లి.

"మా ఆయన సంగతి మీకెందుకు సిస్టర్? ఒంట్లో బాలేనిది పాపకి కదా!"

"పాప రక్తంలో సీసం చేరిందమ్మా. అందుకే ఆ కడుపునొప్పి. వచ్చిన మాటలు మర్చిపోవడం కూడా దానివల్లే. ఎటునుంచి వస్తోందో తెలియాలి. ఆయన ఏం పని చేస్తారు?"

"పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డులో. అది ఎక్కడో ఊరవతల!"

"పని నుంచి రాగానే ఏం చేస్తారు?"

"ఏముంది, ఇది కాళ్ళకి చుట్టుకుంటుంది. ఆయన చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని, ఆ భుజం మీదే నిద్రపోతుంది. నేనెత్తుకుంటే ఏడుపు!"

"పని బట్టలతోనే ఎత్తుకుంటారా?"

"ఆ! ఇప్పుడు దారికొచ్చారు లెండి. అంతకుముందు..."

"అంతకుముందు?"

"ఏం లేదు."

"చెప్పమ్మా."

"స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కాతో దిగేవారు. పనికెళ్ళిన మనిషి పెళ్ళికొడుకులా తిరిగొస్తే ఏ పెళ్ళాం ఊరుకుంటుంది? అదీ, మా ఇంట్లో లేని సబ్బు వాసన!"

"ఏమన్నారు?"

"షెడ్డులో స్నానం చేసి రావాలట, సబ్బేమో పక్కనున్న టీకొట్టులో కొంటారట. ఆ కొట్టు పిల్లని చూశాను. దాని దగ్గరా అదే వాసన! నవ్వుతూ 'బాగున్నారా అక్కా' అంటుందా? ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చాక మా ఆయన్ని ఉతికి ఆరేశాను."

"తర్వాత?"

"పాప మీద ఒట్టేయించుకున్నాను. ఒంటి మీద చుక్క నీళ్ళు పడకుండా, ఆ బట్టలతోనే తిన్నగా ఇంటికి రావాలని. పాప మీద ఒట్టంటే ఆయన తప్పరు."

"ఇదెప్పటి మాట?"

"ఆరు నెలలైంది."

"పాపకి కడుపునొప్పి?"

"అదీ... ఆ తర్వాతే. ఎందుకలా చూస్తారు?"

"ఆ బ్యాటరీల్లో ఉండేది సీసమేనమ్మా. దుమ్మై జుట్టుకీ చొక్కాకీ అంటుకుంటుంది. స్నానం చేసి రమ్మనేది అందుకే."

"ఆయన చెప్పారు. చెప్పారు సిస్టర్... నేనే, నేనే సాకులన్నాను. పాపకి తగ్గుతుందా?"

"మందులున్నాయి. ముందు ఆ దుమ్ము ఇంటికి రాకూడదు."

"నాన్నా! నాన్నా!"

"వచ్చింది మీ ఆయనేనా? షెడ్డు నుంచే వచ్చినట్టున్నారు."

"ఆగండి! గుమ్మంలోనే ఆగండి. పాపని ముట్టుకోకండి. వెనక్కెళ్ళి, ఆ షెడ్డులోనే స్నానం చేసి రండి. సబ్బు... సబ్బు ఆ పిల్ల దగ్గరే కొనుక్కోండి."