ఆరు ముక్కుల ఆంజినమ్మ

మూసిన తలుపు వెనక దగ్గు వినిపించింది, ఆగింది, మళ్లీ వినిపించింది. శింగనమల దాపున ఒక పల్లెలో, గడపకు అడ్డంగా కూర్చున్న కూలిగుంపు పెద్ద ఆంజినమ్మ ముందు, కొత్తగా వచ్చిన నర్సు కృపాకుమారి పరీక్షల సంచీ దించింది.

“దగ్గేది ఎవురక్కా?”

“మా మేక, నర్సమ్మా.”

“మేక ‘అమ్మా’ అంటాండాదే!”

“మా మేక అట్లే అంటాది. నువ్వు పోయిరాపో.”

“పోను. పొద్దన్నుంచి ఫోన్‌లో తిట్లు తింటాండా. మొన్న చేనుకాడ మీ గుంపులో ఆరుమందికి ముక్కులో పుల్ల పెట్టి చూస్తినా? పావుగంటలో ఆరుమందికీ రెండు గీతలు వచ్చెనా? ఫ్లూ అని తేలెనా?”

“తేలె. అయితే?”

“పేరడిగితే ఆరుమందీ ఏమని చెప్పిరి?”

“నీకు తెలీదా ఏమి?”

“చెప్పక్కా.”

“ఆంజినమ్మ అని.”

“ఊర్లో సగం మంది ఆంజినమ్మలే ఏమో అనుకొని లెక్కలోకి ఎక్కిస్తి. ఆఫీసులో ఒక పేరుకు ఒక మనిషే అని అయిదు కొట్టేసినారు. ‘ఆయమ్మకు ఆరు ముక్కులా?’ అని ఒకటే నవ్వు!”

“నవ్వనీ. పనికాడ మేస్త్రీ గుంపు కూలంతా నా పేరు మిందే రాసుకుంటాడు. ఇరవై ఏండ్లుగా అంతే.”

“ఇది చెనిక్కాయ పెరికే పని కాదక్కా! వారంలో అయిదుమంది తేలితేనే డాక్టర్ల జీపు, మందులు ఈడికి వచ్చేది. ఇప్పుడు లెక్కలో ఒక్కరే!”

“కరోనాలో పేర్లు చెప్తిమి. మా వీధికి ముండ్లకంప అడ్డమేసినారు. నెల దినాలు పనికి పిలిచినోడు లేడు.”

“ఇప్పుడు ఎవురూ వెయ్యరు. పేర్లు ఆఫీసు దాటవు.”

“అప్పుడూ అదే చెప్పినారు.”

“నిజమే. సరే, లోపల మనిషినన్నా చూడనీ. ఊపిరిలో పిల్లికూతలు ఈడికే వినపడతాండాయి.”

“మూడు దినాలుగా ఊపిరాడక కూర్చొనే నిద్రపోతాండాది కోడలు. చూడు. పేరు మాత్రం నాదే రాయల్ల.”

“నీ పేరు నిండిపోయిందక్కా! ఏడోసారి రాస్తే ఎవురు నమ్ముతారు? ముందు అంబులెన్సు పిలుస్తా. ఆస్పత్రిలోనూ పేరడుగుతారు, చూసుకో.”

“ఆడ గూడా నాదే చెప్తా. ఏయ్, తలుపు తీసుకొని బయటికి రావాకు! లోపలే ఉండు, కోడలా!”

“నీ పేరు మింద నేను సచ్చిపోతే, నన్ను ఎవురు లెక్కబెడతారత్తా? రాసుకో నర్సమ్మా... ఇంద్రాణి.”