కార్డు మీది అత్త

చౌటుప్పల్‌లో మందుల కంపెనీ వెనక వీధి. ఆ కంపెనీలో పనిచేసే చిన్నకొడుకు కిరాయికి ఉంటున్న ఇంట్లో అత్త బాలనర్సమ్మ, చిన్నకోడలు కోమల ఉన్నారు. ఊరి నుంచి పెద్దకోడలు అండాలు వచ్చి గడపలోనే నిలబడిపోయింది.

“లోపలికి రా అక్కా, గడపల ఆగినవేంది?”

“వస్తగని కోమలా, ముందుగాల అత్తమ్మ బట్టలు సర్దు. పొద్దుగూకకముందే కట్టంగూరు బస్సెక్కాలె.”

“ఎవరు ఎక్కాలె?”

“నేను, అత్తమ్మ.”

“గిదేంది అత్తమ్మా, నాకొక్క మాటన్న చెప్పలేదు?”

“నాకే తెల్వది బిడ్డా. అండాలూ, జర కూసో. మొకం గట్ల పీక్కపోయిందేందే? తిన్నవా?”

“తిన్న. నా మొకం ఇప్పుడు కనవడ్డదా నీకు? నువ్వు మాత్రం నున్నగైనవు అత్తమ్మా. చిన్నకోడలు మంచిగనే సాకుతాంది.”

“సాకుడేముందక్కా, గోలీలు యాళ్లకు పడుతున్నయి.”

“అగో, గోలీలు! గా ముచ్చటకే వచ్చిన. మీ ఆయన కంపెనీ కార్డుల అత్తమ్మ పేరున్నది. ఈఎస్ఐ దవాఖానల గోలీలు ఉత్తగ ఇస్తరు. అందుకే నీ దగ్గరుంటాంది. అవునా, కాదా?”

“అందుకే అంటవేంది?”

“ఊళ్ళె అందరికీ అత్తమ్మనే గదే చెప్పొచ్చింది మరి. ఇప్పుడు మన పల్లె దవాఖానల గూడ బీపీకి, షుగర్‌కు అన్నీ ఉత్తగనే ఇస్తున్నరు. ఇదివరకు లెక్క ఒకటిచ్చి ఒకటి బయట కొనుక్కోమంటలేరు. ఆశా వర్కర్ ఇంటికొచ్చి చెప్పిపోయింది. ఇగ నీ కార్డుతోని పనేంది?”

“అంటే, నా ఇంట్ల గోలీలే మింగిందా? నా చేతి బువ్వ తినలేదా?”

“నీ పెండ్లి కాకముందు నుంచి నా చేతి బువ్వ తిన్నది! కాళ్లు పిసికిన, తలకు పోసిన. ఒక్కపూట కూరల ఉప్పెక్కువైందని సంచి సర్దుకొని ఈడికొచ్చింది.”

“ఉప్పు ముచ్చట ఇప్పుడెందుకే అండాలూ?”

“ఎందుకంటవా? పక్కింటి నర్సింగమ్మ నల్లా కాడ అందరి ముంగట అడిగె. ‘మీ అత్త చౌటుప్పల్‌ల కూలర్ ముంగట పండుతాందట గదా’ అని. నాకు తలకాయ తీసేసినట్టాయె.”

“కూలర్ లేదక్కా మాకు. ఫ్యానే.”

“ఉంటేంది, లేకుంటేంది! అత్తమ్మ నీ ఇంట్ల ఉన్నది, నా ఇంట్ల లేదు.”

“కుళ్ళుతున్నవక్కా నువ్వు.”

“కుళ్ళుతున్న! నీకైతే లేదా?”

“ఉండె. పెండ్లయిన కొత్తల ఉండె. పొద్దున లేస్తే అత్తమ్మ ‘అండాలూ, అండాలూ’ అని నీ ఎనకనే తిరిగెటిది. నేను ఎదురుంగ నిలబడ్డా కనవడకపోతుంటి. ఇప్పుడు లేదు. తనంతట తానే నా ఇంటికొచ్చింది. ‘నీ దగ్గరుంట బిడ్డా’ అన్నది. మా ఆయనతోని కాదు, నాతోని అన్నది.”

“ఇన్నవా అత్తమ్మా? నీ నోటితోని నువ్వే చెప్పు. ఎవరి దగ్గరుంటవు? ఇయ్యాల తేలాలె.”

“కోమలా, జర చాయ్ పెట్టు.”

“చాయ్ తర్వాత పెడ్త. చెప్పు అత్తమ్మా.”

“అండాలూ, పల్లె దవాఖానల అందరికీ ఇస్తున్నరా?”

“అందరికీ. పేరు రాయించుకుంటే సాలు. నీ పేరు చెప్పొచ్చిన.”

“నీ పేరు?”

“నాదెందుకు?”

“నీకు బీపీ లేదా?”

“రాయించుకుంటతీయ్. ముందుగాల నీది.”

“గప్పుడు గూడ గిట్లనే. ముందుగాల నీది, నీది అంటివి.”

“ఎప్పుడు?”

“పత్తి చేన్ల కండ్లు తిరిగి పడ్డనాడు.”

“గది ఎండదెబ్బ.”

“ముసురు పట్టినంక ఎండదెబ్బేందే? నువ్వు పండుకున్నంక నీ గోలీల డబ్బా తీసి చూసిన. ఎప్పుడో ఖాళీ అయింది. ఇద్దరియి ఒక్కటే తీరు గోలీలు. ఆ ఏడు పత్తి పండకపాయె. మెడికల్ షాపుల నా ఒక్కదాని మందమే కొనుక్కొస్తున్నవు. నువ్వు మింగుడు బందు పెట్టినవు.”

“గట్లేం లేదు అత్తమ్మా...”

“వద్దంటె ఇనెటిదానివా? నా నోట్లె ఏసి నీళ్లు తాపెటిదానివి. కార్డుల తల్లి పేరెక్కుతది గని వదినె పేరెక్కదట. నేను ఈడికొస్తెనే నీ గోలీలు నువ్వు మింగుతవు. మంచిగుండంగ పోతనంటె నువ్వు పోనియ్యవు. అందుకే కొట్లాట పెట్టుకున్న. కూరల ఉప్పు సమంగనే ఉండె బిడ్డా.”

“ఊరంత నన్ను తిట్టినా చెప్పకపోతివి...”

“చెప్తె ఎనుకకు గుంజుకపోతుంటివి. ఏడ్వకు, ఏడ్వకు. ఇగ ఇద్దరికీ ఇస్తరంటున్నవు గదా, వస్త. నీ పేరు రాయించినంకనే నాది. కోమలా, దండెం మీది చీరెలు జర ఇటియ్యి బిడ్డా. కోమలా? గట్ల చూస్తున్నవేందే?”

“ఏం లేదు అత్తమ్మా. ఇన్నొద్దులు నా మీద ప్రేమతోని, పావురంతోని వచ్చినవనుకున్న.”