ఉత్తుత్తి తూటాలకి పడిపోయిన అప్పలరాజు

“తాతా, ట్రెంచ్ వార్‌లో ఏ వెపన్ బెస్ట్? రైఫిలా, గ్రెనేడా, మెషిన్ గన్నా? నీ ఆన్సర్ నా ఎస్సేలో పెట్టుకుంటాను. ఫోన్ ఆన్ చేశా, చెప్పు.”

చెప్తానులే, ఉండు. ఆ ఫోను కాస్త ఇటు జరుపు, ఫేను గాలికి నా మాట కొట్టుకుపోతాది. యూనివర్సిటీలో అంతమంది ప్రొఫెసర్లుంటే, యీషున్ ఫ్లాట్లో కాఫీ తాగుతూ కూర్చున్న ముసలోడే దొరికేడా నీకు? సరే, నా పేరు కూడా రాయి మరి. కింద చిన్నక్షరాల్లో కాదు.

నేను యుద్ధం చూళ్ళేదమ్మా, అది ముందు రాసుకో. నేను చేసింది నేషనల్ సర్వీసు, ఇక్కడి కుర్రోళ్ళందరికీ తప్పని సైన్యం శిక్షణ. పద్దెనిమిదేళ్ళు నిండగానే రమ్మన్నారు, వెళ్ళేను. మా నాన్న, అంటే మీ ముత్తాత, నేవల్ బేస్‌లో పెయింటు పని చేసేవోడు. ఆయనేమన్నాడంటే, “ఇంట్లో బకెట్టు ఎత్తనోడు తుపాకీ ఏటి మోస్తాడు” అన్నాడు. నిజమే అన్నాడులే. నువ్వు నవ్వకు, నువ్వు తాగిన కప్పు ఇంకా అక్కడే ఉన్నాది.

ట్రెంచి అంటే ఏటనుకున్నావు, గొయ్యి. నువ్వు పుస్తకంలో చదువుతావు గానీ నేను తవ్వేను. చేతికి చంకుల్ ఇచ్చేరు, మలాయోళ్ళ పెద్ద పార. జతకి ఆ హోక్ అని ఒక చీనా కుర్రోడు. వాడికి ఇంగ్లీషు రాదు, నాకు వాళ్ళ హొక్కియన్ భాష రాదు. ఇద్దరికీ కలిపి వచ్చింది ముక్కలు ముక్కలు మలాయి. రెండ్రోజులు “దాలమ్, దాలమ్” అనుకుంటూ తవ్వేం. దాలమ్ అంటే లోతు. ఎర్ర మట్టి, రాయిలాగ ఉండీది.

గొయ్యి చంక లోతు ఉండాలన్నారు. ఎవరి చంక? నేను చూస్తే తాటిచెట్టు, వాడు నా భుజం దాకా రాడు. నా కొలతకి తవ్వీసేం. తీరా వాడు రైఫిలు పట్టుకుని నిల్చుంటే కనిపించింది మట్టిగోడే. బిస్కట్ల డబ్బా బోర్లించి ఎక్కించేను. అప్పుడు గురి చూస్తే ఆకాశం కనిపించిందట. అందుకని రాసుకో, రైఫిలు మంచిదే, దూరంగా ఉన్నోడి మీదికి. గానీ నిల్చున్న చోటు సరిగా కుదరాలి. మళ్ళీ శత్రువు గోతిలోకి దిగీసేడనుకో, ఆ పొడుగు తుపాకీ తిప్పడానికి చోటుండదు. మూల తిరుగుతావు, గొట్టం మట్టిలో గుచ్చుకుంటాది. అక్కడ గ్రెనేడే. మూల అవతలికి విసిరీడమే.

వాళ్ళూ మన మీద విసురుతారు కదా మరి. దానికోసం గోతి అడుగున ఇంకో చిన్న కన్నం తవ్విస్తారు. గ్రెనేడు వచ్చి పడితే కాలితో అందులోకి తన్నీడానికి. మా కన్నంలో ఆ హోక్ బిస్కట్లు దాచుకున్నాడు. సార్జెంటు చూసేడు. ఏటి తిట్టేడో... నీ ఫోను పాడైపోతాది, వొద్దులే.

“సో మెషిన్ గన్ ఆ, తాతా?”

ఆగవే గుంటా, వస్తన్నాను కదా. మీ అమ్మా ఇంతే, కథ సగంలో ఉండగా చివర అడిగీది.

మూడో రోజు, మిట్ట మధ్యాహ్నం. అవతలి ప్లటూనోళ్ళు కొండ కింద నుంచి మా గోతుల మీదికి దాడి చెయ్యాలి. వట్టి ఆట, బ్లాంకు తూటాలు, చప్పుడే గానీ గుండుండదు. పొడుగ్గా ఉన్నానని మెషిన్ గన్ను నాకిచ్చేరు. చేతికి తెల్ల గుడ్డ కట్టుకుని ఒక అంపైరు ఉంటాడు, ఆయన “నువ్వు పోయేవు” అంటే వాడు అక్కడే పడుకోవాలి.

వాళ్ళు అరుచుకుంటూ పైకి పరిగెట్టుకొచ్చేరు. నేను నొక్కి పట్టేను. కుడి నుంచి ఎడమకి ఇలాగ తిప్పేను, అంతే. అంపైరు వేలు చూపిస్తూనే ఉన్నాడు, కుర్రోళ్ళు పడుకుంటూనే ఉన్నారు. ఒక్కడు నా దాకా రాలేదు. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి, సంతోషం వేసిందమ్మా. ఒళ్ళంతా పొంగిపోయింది.

విజిలేసేరు. పడుకున్నోళ్ళంతా లేచి మట్టి దులుపుకుంటన్నారు. ఒకడు లేవలేదు. అప్పలరాజు. మా నేవల్ బేస్ క్వార్టర్సులో పక్కింటోడే, చిన్నప్పటి నుంచీ నాకు స్నేహితుడు. వాడికి నిల్చున్న చోట నిద్రపోయే అలవాటు. అందుకని అందరూ నవ్వుతున్నారు. వాళ్ళ సార్జెంటు కూడా, “పడుకోనీ, తర్వాత పరిగెట్టిస్తాను” అన్నాడు.

నేను కిందికి దిగేను. ఎందుకు దిగేనంటే, నువ్వు ఇది తప్పకుండా రాయి, వాడి మీద జాలితో కాదు. గొప్పలు చెప్పుకోడానికి. బూటుతో వాడి బూటు తట్టి, “లెగరా, నిన్ను కొట్టింది నేనే” అన్నాను.

వాడి బూటు పక్కకి వాలిపోయింది. ముఖం ఎర్రగా కమిలిపోయింది. చెయ్యి పెట్టి చూస్తే పెనంలాగ ఉన్నాది, ఒక్క చెమట చుక్క లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడ్డం లేదు. నోటి పక్కన చీమలు. వాడు పడుకోలేదమ్మా, ఎండదెబ్బకి పడిపోయేడు. అంపైరు వేలు చూపించేడో లేదో మరి, అందరితో పాటు చచ్చినోడి కింద కలిపీసేరు. నిజంగా పోతన్నోడికీ ఆటగా పోయినోడికీ మాకెవరికీ తేడా తెలియలేదు.

నేను అరిచేను. ఏ భాషలో అరిచేనో గుర్తులేదు. ఆ హోక్ పరిగెట్టుకొచ్చేడు. ఆ కొండ మీద నీడ ఎక్కడుంది? మేం తవ్విన గొయ్యే. చెరో పక్కా పట్టుకుని పైకి మోసి అందులో దింపేం. అడుగున మట్టి చల్లగా ఉన్నాది. చొక్కా చింపీసి, మా సీసాలు, పక్కోళ్ళ సీసాలు, అందరి నీళ్ళూ వాడి మీద పోసేం. ఆ హోక్ తన టోపీతో విసురుతూనే ఉన్నాడు, ట్రక్కు వచ్చేదాకా చెయ్యి ఆపలేదు. నేను మాత్రం, “ఒరే, నేను కొట్టలేదురా, నేను కొట్టలేదురా” అంటన్నాను. పిచ్చి మాట, బ్లాంకులే కదా. అయినా అదే వచ్చింది నోటికి.

మూడు రోజులకి గానీ వాడికి తెలివి రాలేదు. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచం పక్కన వాడి చెల్లెలు కూర్చుని ఉన్నాది. పక్కింట్లోనే పెరిగినా నాతో అంతకుముందు గట్టిగా మాట్లాడింది లేదు. తలెత్తి, “మా అన్నని కాల్చింది మీరేనా?” అంది. నవ్వుతూ అడిగిందో కోపంగా అడిగిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయేను. ఆవిడే మీ అమ్మమ్మ. కూరలో ఉప్పెక్కువైందన్నానంటే చాలు, ఆ మాటే తీస్తాది. ఇదిగో, వంటింట్లో ఉల్లిపాయలు కోస్తూ వింటన్నాదిలే.

ఆ అప్పలరాజే మీ రాజు తాత, ఇప్పుడు పుంగ్గోల్‌లో వాళ్ళింట్లో సోఫాలో కూర్చునే నిద్రపోతన్నాడు. ఫోన్ చేసి అడుగు కావాలంటే. నన్ను తిట్టే చెప్తాడు.

ఎస్సేలో మెషిన్ గన్ అనే రాయి తల్లీ, మార్కులు వస్తాయి. గోతిలో కూర్చున్నోడి చేతిలో అది ఉంటే ఎదురుగా వచ్చినోళ్ళు మిగలరు, అది నిజం. నాకు నచ్చింది మాత్రం ఆ గొయ్యి.

నువ్వు చల్లగా ఉండాలి. నువ్వు గానీ, రేపు నీ కడుపున పుట్టినోళ్ళు గానీ, ఎవర్నీ అలాగ గురి చూసే రోజు రాకూడదు. వీటి గురించి ఇలాగ కూర్చుని రాసుకోడమే మీ వంతు కావాలి. ఏటి, కళ్ళు తుడుచుకుంటన్నావా? ఉల్లిపాయలు కోసేది మీ అమ్మమ్మ కదే...