మేకను తిట్టిన రీల్

తర్లగూడలో మిట్టమధ్యాహ్నం. వాకిట్లో ఇప్పపూలు ఎండబోసి, అవ్వ కర్ర పట్టుకుని మేకలకు కాపలా కూర్చుంది. మనవరాలు ఫోన్ చేత పట్టుకుని వచ్చి, ఏడుపు మొహంతో పక్కన చతికిలబడింది.

“అవ్వా, నా డాన్సంత ఖరాబ్ జేసినవ్.”

“నేనేం జేసిన్నే?”

“నేను సీటుకు అర్జీ పెట్టిన కాలేజీవోళ్లు రీల్ పోటీ పెట్టిన్రు. మూడు దినాలు నేర్చుకుని ఈడనే ఆడిన. నువ్వేమో నా ఎనక మేకను తిట్టుకుంట ఉరికినవ్.”

“పూలు మేస్తాంటే ముద్దు పెట్టుకోవాల్నా?”

“నిన్ను జూసుకోకుండనే పోటీకి పెట్టేసిన. నలభై వేల మంది జూసిన్రు. ఒక్కరన్నా నన్ను జూడలే. తెలుగు రానోళ్లు గూడ ‘దాదీని ఇంకోసారి తిట్టమనండి’ అని ఒకటే గోల. కాలేజీ పేజీల గూడ నీ ఫొటోనే పెట్టి, ‘ఇంత హుషారు మా దగ్గరే, వచ్చి చేరండి’ అని రాసిన్రు.”

“మరి నీ సీటో?”

“వెయిటింగ్ లిస్టుల పదకొండో నెంబరు.”

అవ్వ కర్ర ఊపి మేకను అదిలించింది.

“పొద్దుగాల నువ్వు నీళ్లకు పోయినప్పుడు గా కాలేజీ మేడం ఈ ఫోనుకే జేసింది.”

మనవరాలి ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

“ఏమన్నది?”

“ఇంకో పది వీడియోలు గావాల్నట. అన్నిట్ల మేకను తిట్టాల్నట.”

“నువ్వేమన్నవ్?”

“నా మనవరాలికి సీటిచ్చినంకనే మేకను తిడతనన్న. ఇయ్యకపోతే మిమ్మల్నే తిడత, గదే వీడియో తీసుకోండ్రి అన్న.”