గంజిల ఎండిన చక్రం అచ్చు

ఫొటోనా? అయ్యో సుమిత్రా, మీ నాయనమ్మ ఫొటో కోసం విడీ ఘర్కుల్ నుంచి రిక్షా చేసుకొని ఇంత దూరం వచ్చినవా? లేదు బిడ్డా. చంద్రభాగ వదినె ఎన్నడు ఫొటో దిగలే. దిగుమంటె తిట్టేది. నాకన్న రెండేండ్లు చిన్నదే గని రాజారాం అన్న పెండ్లాం గదా, అందుకే వదినె. గల్లీ మొత్తానికి వదినెనే. కూసో. ఆ ఫ్యాను తిరుగుతది గని గాలి రాదు, ఇటు జరుగు. ఫొటో లేకుంటె ఏమాయె, మనిషిని నేను చెప్త. సన్నగ, నల్లగ, మాట్లాడితె తలకాయ కొంచెం పక్కకు వంచి మాట్లాడేది. కోపమొస్తె మాత్రం తలకాయ నిటారు. కోర్టుల ఆ దినమంత నిటారుగనే ఉన్నది. ఏంది, కోర్టు సంగతి మీ నాయిన చెప్పలేదా? వానికేం ఎరికె లే, శంకర్ అప్పుడు చంకల పిల్లగాడు.

పంతొమ్మిదొందల ముప్పై ఏడో, ముప్పై ఎనిమిదో. దసరా అయ్యింది, దివాళీ ఇంక రాలే, గంత యాదికున్నది. కొంతం చౌక్ దిక్కుకెల్లి మా గల్లీకి దిగుడు ఉండె, ఇప్పుడు మట్టి పోసి సాపు జేసిండ్రు గని అప్పుడు మంచిగనే దిగుడు. ఇప్పటి లెక్క పవర్‌లూములు గాదు, అన్ని చేతి మగ్గాలే. పొద్దుగాల ఆరింటికల్ల గల్లీ పొడుగూత పడుగు సాపేది. అంటె ఏందంటె, నేసేటందుకు నిలువు పోగులుంటయి గదా, వాటిని నడుమెత్తు కర్రల మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా బిగ గట్టి, గంజి పూసి, ఇద్దరు ఇటొకరు అటొకరు నిలవడి పెద్ద కుంచెలతోని దువ్వుకుంట పోవాలె. గంజి తడి మీద దువ్వకపోతె పోగుకు పోగు అంటుకొని కట్టె లెక్క అయితది, పడుగు సత్తెనాశ్. అందుకే ఇల్లు అంటుకున్నా సరే కుంచె ఆపొద్దని మా నాయిన తిట్టేటోడు. ఆ టైముకు బండ్లు ఏవీ గల్లీల దిగకపోయేటివి. ఎడ్లబండ్లోడు సుత చౌక్ కాన్నే ఆగేటోడు. కానూన్ ఏం లే, రివాజు. కానూన్‌కన్న గట్టి.

ఇగ పెంటప్ప సావుకారు అని ఉండె. మన కులపోడే. మా గల్లీకంత సూతు, అంటె నూలు, ఆయనే ఇస్తుండె, నేసిన చీరలు ఆయనే తీస్కపోతుండె. ఆయన ఒక లారీ కొన్నడు. మనోళ్ళల్ల ఫస్టు లారీ. ఏం సంబురం అనుకున్నవ్! దసరాకు మేమే దానికి పసుపు, కుంకుమ, పూలదండ, కొబ్బరికాయ. నేను కొట్టిన ఒక కాయ. దాని డ్రైవరు పాండురంగ్ అని మరాఠోడు, మెత్తటి మనిషి, మాతోని తెలుగు మాట్లాడబోయి అన్నిటికి 'లు' తగిలిచ్చేది. మేం నవ్వితె వాడు సుత నవ్వేది.

ఆ దినం పొద్దుగాల చౌక్ కాడ ఎవరో ఎడ్లబండి అడ్డం బెట్టిండు. పాండురంగ్ బ్రేకు తొక్కిండు, బ్రేకు పట్టలే. బండి మా దిగుడుల పడ్డది. వానికి ఎదురుంగ, కుడి దిక్కు నల్ల కాడ ఆడోళ్ళు నీళ్ళు పడుతున్నరు, పది పన్నెండు మంది, చంకల పిల్లలు. ఎడమ దిక్కు గోడ. గోడకు పక్కపొంటి పడుగు. వాడు గోడకు మలిపిండు. పడుగు ఎక్కి తొక్కుకుంట పోయి గోడకు గుద్దిచ్చిండు. గోడకు పడుగుకు నడుమ రాజారాం అన్న వంగి కుంచె గుంజుతున్నడు. వాడు చూడలే. అన్న సుత చూడలే.

దవఖానకు తీస్కపోయిండ్రు టాంగాల. వదినె ఎంబడి పోయింది. దార్ల్నే పాయె ప్రాణం. ఇక్కడ గల్లీల మేమేం జేసినమో చెప్తె నవ్వుతవో ఏడుస్తవో. నేను ఉరికొచ్చి చూస్తె నెత్తురు, ఇటుకలు, పడుగు తెగి నేల మీద పడ్డది. నేను కూసొని తెగిన పోగులు అతకవట్టిన. ఖరే చెప్తున్న. ఒకటి, రెండు, ఇరువై, నలభై. ఏడ్సుకుంట ముడులేస్తున్న. ఎవరన్న అడిగిండ్రా? ఎవరు అడగలే. నేసే సాలోని చెయ్యి, తెగిన పోగు కనవడితె ఊకోదు.

అంతల సావుకారు లెక్కలు రాసే మునీము ఉరికొచ్చిండు. "పడుగు తియ్యుండ్రి తియ్యుండ్రి, నీళ్ళల్ల ఏసి కడుగుండ్రి, ఛీ ఛీ, నెత్తురు పడుగు గల్లీల ఉంచుతరా, సావుకారు కొత్త సూతు ఇస్తమన్నడు!" అప్పుడే వదినె తిరిగొచ్చింది. కండ్లల్ల నీళ్ళు లేవు. మునీము దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "సిద్ధరాములూ, చెయ్యి దియ్యి" అన్నది. గంత మెల్లగ అన్నది గని నా చెయ్యి కాలినట్టయింది. "ఎవరు ముట్టొద్దు. కడగొద్దు. దువ్వొద్దు. ఎండనియ్యుండ్రి." ముసలోళ్ళందరు, "మతి పోయింది పిల్లకు, పడుగు ఎండనిస్తదట" అన్నరు. నేను సుత అట్లనే అనుకున్న. మొగడు పోయిన కొంచెం సేపటికే మునీము పడుగు కడుగమంటున్నడు, ఎందుకింత తొందర? ఆ ఒక్క మాట ఆమెకు తట్టింది. మాకెవరికి తట్టలే. మూడు దినాలు ఎండింది అది. గంజిల చక్రం అచ్చు పడ్డది, ముద్ర గుద్దినట్టు, టైరు గీతలతోని సహా. ఎండినంక కర్రకు మెల్లగ చుట్టి, గంజికి ఎలుకలొస్తయని ఇంట్ల దూలానికి యాలాడగట్టింది. దాని కింద్నే శంకర్ ఊయ్యాల.

పోలీసు ఫౌజుదారు ఏం రాసుకున్నడు? డ్రైవరు తాగి నిద్రల నడిపిండు, బ్రేకు మంచిగున్నదని సావుకారు జబాబు. పాండురంగ్ జైల్ల పడ్డడు. వాని పెండ్లాం గంగుబాయి వచ్చింది వదినె కాడికి. వదినె గడప దాటనియ్యలే. "నా ఇల్లు తొక్కకు, ఆన్నే నిలవడి చెప్పు." ఆమె ఏడ్సుకుంట చెప్పింది: బ్రేకు పట్టుతలేదని వాడు పదిహేను దినాల నుంచి మొత్తుకుంటున్నడట, సావుకారు "దివాళీ దాకా నడుపు, దివాళీ అయినంక చూస్త" అన్నడట. వదినె లోపలికి పోయి, దూలానికున్న పడుగు దించి, విప్పి, చాలాసేపు చూసిందట.

సావుకారు మీద కోర్టుకు పోత అన్నది. తెల్లారి కులం పెద్దలు కూసున్నరు. "అమ్మా, మనోన్ని మనం కోర్టుకు గుంజుడేంది? సావుకారు నీకు బతికినన్ని దినాలు సూతు పంపుతడు, పిల్లగాన్ని చదివిస్తడు. ఆ డ్రైవరు గాడు ఎట్లనో జైల్నే ఉన్నడు." వదినె తలకాయ నిటారు జేసింది. "నాకు సూతు వద్దు. బ్రేకు ఖరాబున్నదని నాకు ఎరికె, ఎరికుండి పంపిన అని కోర్టుల నిలవడి తన నోటితోని చెప్పుమనుండ్రి. గంతే నాకు కావల్సింది." ఏం మనిషి బిడ్డా! మేం ఇరువై ఇండ్లోళ్ళం సావుకారు సూతు మీద బతుకుతున్నం, ఒక్కని నోరు లేవలే. నేను సుత నేల దిక్కు చూసుకుంట కూసున్న. అబద్ధమెందుకు.

దత్తాత్రి పంతులని ఒక వకీలు దొరికిండు, మరాఠీ బాపనాయన, ముక్కుపొడుం మనిషి. సావుకారు వకీలు మాత్రం బొంబాయి నుంచి వచ్చిండు, బూట్లు టకటక. కోర్టు గదిల పడుగు పట్టలే, వరండాల సాపిండ్రు. జడ్జి సాహెబ్ కుర్చీ బయటకు తెచ్చుకొని కూసున్నడు. వదినె చీర కొంగు నడుముకు చెక్కి, వచ్చీరాని మరాఠీల చెప్పవట్టింది. "సాహెబ్, ఇగో, చక్రం ఈ అంచున ఎక్కింది. ఇక్కడిదాకా సీదా. ఇక్కడ మలిగింది. ఆ అంచున దిగింది, గోడ దిక్కు. అచ్చు చూడుండ్రి, ఎక్కడన్న చెదిరిందా? చక్రం తిరుగుకుంటనే పోయింది. బ్రేకు పట్టితె చక్రం జారేది, గంజి కొట్టుకపోయేది. నిద్రబోయినోడు మలుపుతడా? తాగినోడు నల్ల కాడ ఆడోళ్ళను చూసి గోడకు మలుపుతడా?" జడ్జి సాహెబ్ కుర్చీల కెల్లి లేచి వంగి చూసిండు. మొగన్ని సంపిన డ్రైవరు తరఫున మాట్లాడుతున్నదీ ఆడది! నా ఒళ్ళంత జలదరిచ్చింది. ఇప్పటికీ చూడు, ఈ చెయ్యి చూడు.

అప్పుడు ఆ బూట్లాయన వంగి, వేలు పెట్టి, "హే బఘా సాహెబ్, గాఠీ!" అన్నడు. ముడులు. నా నలభై ముడులు. "ఈ పడుగును తర్వాత ఎవరో ముట్టిండ్రు, ఇదంత బనాయించిన సాక్ష్యం, ఫేకుండ్రి బయట!" అన్నడు. వదినె ఆ ముడులను చూసింది. అవి ఎవరియో ఆమెకు తెల్వదా? చెయ్యి దియ్యి అన్నది ఆమెనే గదా. నా దిక్కు తిరిగి ఒక్క వేలు చూపెట్టితె అయిపోయేది. చూపెట్టలే. తిరిగి సుత చూడలే. నేను వెనక, సావుకారు మనుషుల నడుమ నిలవడి ఉన్న. నోరు ఇప్పితె రేపటి సంది నా మగ్గానికి సూతు బంద్. ఇప్పకపోతె కేసు బంద్.

"నేనేసిన సాహెబ్" అన్న. ఎందుకేసినవు అన్నరు. తెగిన పోగు చూస్తె చెయ్యి ఊకోదు సాహెబ్ అన్న. నా ముడులన్ని ఈ కొసకే ఉన్నయి, చక్రం మలిగింది ఆ కొసకు, ఆడ ముడి లేదు చూసుకోండ్రి అన్న. బూట్లాయన ఊకుంటడా? "బండి వచ్చినప్పుడు నువ్వెక్కడున్నవు?" హోటల్ల ఉన్న సాహెబ్, చా తాగుతున్న. "నువ్వు రాజారాంతోని జోడి పనోనివి గదా, ఆ టైముకు పడుగు కాడ ఉండాల్సినోనివి గదా?" ఉండాల్సినోన్నే. "ఏ జాగల?" ఎవ్వరికి చెప్పలే నేను అప్పటిదాకా. మా నాయినకు సుత చెప్పలే. "గోడ దిక్కు సాహెబ్. ఆ జాగ నాది. నేను రాకపోయేసరికి గంజి ఆరుతదని రాజారాం అన్న నా జాగకొచ్చి నిలవడ్డడు."

ఇగ ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సగమే ఇనవడ్డది. లారీ మిస్త్రీని పిలిచిండ్రు, బ్రేకు మార్చాలె అని నేను సుత చెప్పిన అని ఒప్పుకున్నడు. కడకు జడ్జి సాహెబ్ అడిగితె సావుకారు నిలవడి, తలకాయ వంచి, "ఎరికె" అన్నడు. సావుకారుకు మూణ్నెల్ల జైలు సజా పడ్డది. పాండురంగ్‌ను ఇడిచిపెట్టిండ్రు. అంత పెద్ద సావుకారుతోని, చదువు రాని ఆడది, ఒక్క పడుగు పట్టుకొని ఆ ఒక్క మాట అనిపిచ్చింది. నా డెబ్బై ఏండ్ల బతుకుల అసొంటి మనిషిని మల్ల చూడలే.

బయట గంగుబాయి కాళ్ళ మీద పడబోయింది. వదినె వెనకకు జరిగింది. "నీ మొగడు తాగలే, నిద్రబోలే, అందుకని చెప్పిన. మా గల్లీకి మాత్రం రానియ్యకు. నేను చూడలేను" అన్నది. ఇగ వదినె నా కాడికి వచ్చింది. నేను తలకాయ ఎత్తలే. తిట్టితె బాగుండు, చెప్పుతోని కొట్టితె బాగుండు అనుకుంటున్న. "రేపు మాది పడుగున్నది. ఆరింటికి రా" అన్నది.

నేను ఐదింటికే పోయిన. ఆమె అప్పటికే గంజి కలుపుకొని నిలవడి ఉన్నది. నేను గోడ దిక్కు నిలవడ్డ. ఎదురుంగ, అన్న ఎప్పుడు నిలవడే జాగల, అన్న కుంచె పట్టుకొని ఆమె నిలవడ్డది. ఆడోళ్ళు కుంచె పట్టుడు మా గల్లీల అదే ఫస్టు. ఈ కొస నుంచి ఆ కొస దాకా, నా కండ్లకెల్లి నీళ్ళు కారి గంజిల పడుతున్నయి, ఆమె చూస్తనే ఉన్నది. కొస కాడికి వచ్చినంక ఆగి, పడుగు మీద చెయ్యేసి చూసి, "నీ దిక్కు గంజి పల్చగైంది సిద్ధరాములూ, ఇంకొక్కసారి దువ్వుదాం" అన్నది.

…

ఏ, ఆ ఫ్యాను బంద్ చెయ్యి బిడ్డా. చలి పెడుతున్నది.