బుధవారం టూరిస్టు

ఆమ్‌స్టర్‌డామ్‌కి అరగంట దూరంలో, కరకట్ట కింద ఒక ఊరు. బుధవారం, పదకొండు దాటింది. త్రైన్ ఇంటి ముందుగదిలో ఇద్దరు కాఫీ తాగుతున్నారు.

"ముందు ఆ చెవిలోది తియ్యి కోబుస్. నీతో మాట్లాడుతుంటే గోడతో మాట్లాడినట్టుంది."

"తీస్తే బస్సు వెళ్లిపోతుంది త్రైన్. గైడు పిల్ల ఇందులోంచే పిలుస్తుంది."

"నలభై అయిదు నిమిషాలు ఇస్తారుగా."

"ఇవాళ నలభయ్యే. దారిలో ఒకావిడ చెక్కబూట్లు బేరమాడుతూ కూర్చుంది. ఉండుండు, నీ ఇంటి గురించే చెబుతోంది."

"నా ఇంటి గురించా? ఏమని?"

"'మీ ఎడమ చేతివైపు పచ్చరంగు ఇల్లు చూడండి. మూడు వందల ఏళ్ల నాటిది. తిమింగలాలు వేటాడే కెప్టెను ఇందులో ఉండేవాడు.'"

"దీన్ని పోయిన మా ఆయన తండ్రి కట్టారయ్యా. నాకు పన్నెండేళ్లప్పుడు. ఆయన జన్మలో వేటాడింది ఎలకల్ని."

"మెల్లిగా. పాపం ఫొటోలు తీసుకుంటున్నారు. అదిగో, ఒకడు కిటికీ అద్దానికి ముక్కు ఆనించాడు."

"ఆనించనీ. నువ్వు కప్పెత్తి తాగు. పాతకాలం పల్లెటూరి మొగుడూపెళ్లాలు అనుకుని మురిసిపోతాడు."

"టూరిస్టులకి నేను ఊరివాణ్ణి, ఊరివాళ్లకి టూరిస్టుని. ఏం బతుకు బాబూ ఇది. ఆ కర్టెన్ కాస్త వేస్తే నీ సొమ్మేం పోయింది?"

"పట్టపగలు కర్టెన్ వేస్తే ఇంట్లో శవం ఉన్నట్టు ఇక్కడ. పది నిమిషాల్లో పాస్టరు గుమ్మంలో ఉంటాడు. తెరిచుంచితే ఎవరూ చూడరు, మర్యాద కాదని."

"హెండ్రిక చూస్తోంది. నాకు మసగ్గానే ఉంది కానీ, ఎదురింట్లో కిటికీ దగ్గరే కూర్చుని ఏదో అల్లుకుంటున్నట్టుంది. చూడు."

"చూసేది నిన్ను కాదు, నీ కోటుకున్న ఆ నారింజరంగు టూరు స్టిక్కర్ని. ఈ ఊళ్లోవాళ్లు టూరిస్టు మొహం చూడ్డం మానేసి ఇరవై ఏళ్లయింది. అందరూ ఒకేలా ఉంటారు మాకు. పోయిన వారం అడిగిందనుకో."

"అడిగిందా? ఏమని?"

"ప్రతి బుధవారం మీ ఇంట్లోకి ఎవడో టూరిస్టు దూరుతున్నాడేంటే అని."

"నువ్వేం చెప్పావ్?"

"టాయిలెట్ కోసం అన్నాను."

"నాలుగు నెలలుగా టాయిలెట్‌కేనా?"

"ప్రతివారం వేరే వేరే మనుషులు అన్నాను. పెద్ద వయసువాళ్లు, ఆపుకోలేరు పాపం అన్నాను. నమ్మింది."

"ఊళ్లోకి బస్సులు రాకూడదని అర్జీ పట్టుకుని తిరిగే కమిటీ పెద్దవి నువ్వు. టూరిస్టుని పిలిచి టాయిలెట్ చూపిస్తున్నావంటే నమ్మేసిందా?"

"ఉద్యమం వేరు, మానవత్వం వేరు అన్నాను. ఎందుకలా నవ్వుతావ్? కాఫీ ఒలుకుతుంది."

"ఇంకో బిస్కెట్ ఇవ్వవూ."

"ఒకటి ఇచ్చానుగా."

"ఇచ్చావ్. ఇచ్చిన మరుక్షణం డబ్బా మూత పెట్టేశావ్."

"కప్పుకి ఒకటి. నగరంలో నీకేం అలవాట్లయ్యాయో నాకు తెలీదు. ఇక్కడేం మారలేదు."

"త్రైన్. పోయిన బుధవారం నిన్నొకటి అడిగాను."

"పాలు సరిపోయాయా?"

"త్రైన్."

"వినపడిందయ్యా. ముందు ఈ ఉత్తరం చూడు."

"ఏం చూడను? కళ్లు ఆనవనే కదా కారు లైసెన్సు లాక్కున్నారు. నువ్వే చదువు."

"మునిసిపాలిటీ నుంచి. 'రెండు వందల మంది సంతకాలతో మీరిచ్చిన అర్జీని పరిశీలించి' అని ఏదో ఉంది, అది వదిలెయ్. ఆ... ఇదీ. 'వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి టూరిస్టు బస్సులు కరకట్ట దిగి ఊళ్లోకి రాకూడదు.' గెలిచాం కోబుస్. అయిదేళ్లు తిరిగాను దీనికోసం."

"ఒకటో తారీఖంటే..."

"ఈ ఆదివారమే."

"అంటే వచ్చే బుధవారం..."

"బస్సు లేదు."

"నువ్వలా తాపీగా అంటావేంటి? మరి నేనెలా రావాలి? మామూలు బస్సు తీసేసి మూడేళ్లయింది. టూరిస్టు బస్సుల మధ్య ఇరుక్కుపోతోందనే తీసేశారు."

"సైకిలు తొక్కు. నీ వయసువాళ్లు తొక్కట్లేదా?"

"ఈ కళ్లతోనా? మొన్న మా వీధిలో పోస్టు డబ్బాని గుద్దుకుని క్షమించమ్మా అన్నాను."

"టాక్సీ."

"ఈ ఊళ్లో టాక్సీ ఆగేది ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్లడానికే. మలుపు తిరిగేలోపు అందరూ గుమ్మాల్లో ఉంటారు. టాక్సీలోంచి దిగినవాణ్ణి టాయిలెట్ కోసం వచ్చాడంటావా?"

"అయినా నాతో అంటావేంటి? గెలిపించింది నీ సంతకమే."

"అదే నా ఖర్మ."

"నూట తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయిందయ్యా. ఒక్కటంటే ఒక్కటి తక్కువ. ఆరు వారాలు ఇంటింటికీ తిరిగాను. రొట్టెలాయన చేతికి పిండి అన్నాడు. పాస్టరు ప్రార్థన చేసుకుని చెబుతానన్నాడు. హెండ్రికైతే కళ్లజోడు కనపడట్లేదంది, మొహాన పెట్టుకుని."

"వ్యాపారం త్రైన్. బస్సులు రాకపోతే రొట్టెలు ఎవరు కొంటారు?"

"రొట్టెలాయన సంగతి సరే. పాస్టరు ఏం అమ్ముతాడు?"

"ఏమో. అందుకని నా చేతికి పెన్నిచ్చావన్నమాట."

"ఊళ్లో నీకింకా పడవల షెడ్డుంది. ఇక్కడ సొంతంగా ఏదున్నా సంతకం పెట్టొచ్చని రూలుంది. చదవకుండానే పెట్టేశావా ఏంటి?"

"నువ్వు 'ఇక్కడ' అని వేలు పెట్టావ్. నేను ఆ వేలు చూశాను. కాగితం ఎవడు చూశాడు?"

"ఇదిగో, ఇలా ఏ కాగితం మీద పడితే దానిమీద సంతకం పెట్టబట్టే ఊరికి ఈ గతి పట్టింది."

"ఆ మాటనకు."

"ఎందుకనను? కరకట్ట పక్కన గడ్డినేల ఎవరమ్మారు? ఇవాళ బస్సులన్నీ ఎవరి నేల మీద నిలబడ్డాయ్?"

"వారానికి ఒక బస్సు అన్నారు త్రైన్. ప్రమాణం చేసి చెప్పారు. నగరంలో ముసలివాళ్లొచ్చి కాసేపు గడ్డి చూసుకుని వెళ్తారన్నారు."

"రోజుకి నలభై వస్తున్నాయి. గడ్డి ఎక్కడుంది చూడ్డానికి, దానిమీదే బస్సులు పెట్టాక?"

"తెలుసు. నీకంటే నాకు బాగా తెలుసు. దానికి ఇరవై రెండేళ్లు అనుభవించానుగా. నాలుగు నెలల కింద మా అన్న అంత్యక్రియలకు వస్తే ఒక్కడు నాతో చెయ్యి కలపలేదు. తర్వాత హాల్లో కాఫీలప్పుడు నాకు రెండు పక్కలా కుర్చీలు ఖాళీ. ఆగు... ఆగు, విను, గైడు పిల్ల ఏమంటోందో."

"ఏమంటోంది?"

"'ఈ ఊరి జనం చాలా కలుపుగోలు' అంటోంది."

"ఛీ, నవ్వించకు. ఏడుపొస్తుంది."

"ఆ రోజు నాకు కాఫీ పోసింది నువ్వొక్కదానివే."

"నేనేం పొయ్యలేదు. కూజా నా చేతిలో ఉంది, నీ కప్పు అడ్డమొచ్చింది."

"కేకు ముక్క కూడా అడ్డమొచ్చిందా?"

"అది... మిగిలిపోయింది. పారేస్తామా?"

"ఆ రాత్రి ఫ్లాటుకెళ్లి నిద్రపోలేదు. ఒక్క ముక్క కేకు కోసం డెబ్బయ్యేళ్లవాడు ఏడవడమేంటని నన్ను నేనే తిట్టుకున్నాను. తెల్లారి వెళ్లి 'అసలైన డచ్చి పల్లెలు, ఒక్కరోజు యాత్ర' అని టిక్కెట్టు కొన్నాను. ఎక్కడివారు అని అడిగింది గైడు పిల్ల. ఏం చెప్పను? కెనడా అన్నాను."

"కెనడానా?"

"డచ్చి బాగా మాట్లాడుతున్నారే అని మెచ్చుకుంది కూడా. అదిగో, ఇంకా పది నిమిషాలే అంటోంది. త్రైన్, జవాబు చెప్పు. ఔనంటే ఔను, కాదంటే కాదు. ఇవాళ చెప్పకపోతే మళ్లీ అడగడానికి నాకు బుధవారం లేదు."

"పెళ్లి చేసుకుని నగరానికి రమ్మంటావ్. అంతేగా. నాలుగో అంతస్తుకి."

"లిఫ్టుంది. బాల్కనీలోంచి కాలువ కనపడుతుంది."

"కాలువ నాకు వంటింట్లోంచే కనపడుతుంది. మేకల్నేం చెయ్యను? వాటికి లిఫ్టు అలవాటు లేదు."

"నేనూ మేకలూ ఒక తక్కెడలోనా?"

"అవి అడక్కుండా సంతకాలు పెట్టవు."

"అయితే కాదన్నమాట."

"కాదన్నానా?"

"ఔననలేదుగా. బస్సు లేదంటావ్, నగరానికి రానంటావ్. ఇక వచ్చే బుధవారం నేనెలా రాను?"

"రావద్దు."

"...సరే."

"సరే ఏంటి సరే? కోటు బొత్తాలు ఎందుకు పెట్టుకుంటున్నావ్ అప్పుడే? పూర్తిగా విను. అసలు నువ్విక్కణ్ణించి వెళ్లకపోతే, మళ్లీ రావాల్సిన పనేముంది?"

"ఏమన్నావ్?"

"రెండోసారి అనలేను. ఒకసారి అనడానికే వారం రోజులు పట్టింది."

"ఇక్కడా? ఈ ఊళ్లోనా?"

"ఈ ఇంట్లో. పైన గదికి మొన్నే సున్నం వేయించాను."

"నీకు మతి పోయింది త్రైన్. నన్ను రొట్టెల కొట్లో నిలబడనిస్తారా? నా వెనకున్నవాణ్ణి ముందు అడుగుతారు, ఏం కావాలని. నాకైతే అలవాటైపోయింది. నీతో కూడా మాట్లాడ్డం మానేస్తారే. అరవై ఎనిమిదేళ్లుగా నీకున్నది ఈ ఊరే."

"మానేస్తే మానెయ్యనీ."

"తేలిగ్గా అనకు. మాట్లాడకపోవడం అంటే ఏంటో నీకు తెలీదు. తిట్టినా బాగుండును అనిపిస్తుంది. వీధిలో ఎవడైనా మీద ఉమ్మేసినా, పోన్లే, కనపడ్డాను అనుకోవాలనిపిస్తుంది. అది నీకు రాకూడదు. నాకు భయమేస్తోంది, నిజం చెబుతున్నాను."

"నాకు వెయ్యట్లేదనుకున్నావా? భయం కాబట్టే నాలుగు నెలలు టాయిలెట్ అని అబద్ధమాడాను. మీటింగుల్లో మైకు పట్టుకుని అరుస్తాను. ఎదురింటి మనిషికి, ఈయన ఫలానా, నా కోసం వస్తాడు అని చెప్పలేకపోయాను. ఉత్తరం వచ్చింది కదా, ఊరంతా పూలు పట్టుకొచ్చారు. పూలు తీసుకుంటుంటే ఎంత సిగ్గేసిందో నీకేం తెలుసు."

"పూలు తెచ్చారా? సంతకం పెట్టనివాళ్లు కూడానా?"

"అందరూ. మొహాలు మాత్రం ఎవరో పోయినట్టు పెట్టుకుని తెచ్చారు."

"అయిదు నిమిషాలంది. 'కరకట్ట దగ్గరికి వచ్చేయండి' అంటోంది."

"అది తియ్యి కోబుస్."

"తీస్తే..."

"తియ్యి."

"...తీశాను. ఎక్కడికి లేస్తున్నావ్? కర్టెన్ వేస్తావా?"

"కిటికీ తీస్తాను."

"వద్దు త్రైన్. చెబుతున్నాను, వద్దు. నేను బస్సెక్కి వెళ్లిపోతాను. పైన గదీ వద్దు ఏమీ వద్దు. ఇంకేదో దారి చూద్దాం, ఉత్తరాలు రాసుకుందాం."

"నీ చూపుకి ఉత్తరాలా? జరుగు. ఏయ్ హెండ్రికా!"

"ఏమే త్రైన్?"

"నీకొక మాట చెప్పాలి."

"అక్కణ్ణించే చెప్పు. సందు ఎంతుందని."

"ప్రతి బుధవారం వచ్చేది వేరే వేరే టూరిస్టులు కాదు. ఒకడే. కోబుస్. గడ్డినేల అమ్ముకుని పోయిన కోబుసే. నా కోసం వస్తున్నాడు. మేం పెళ్లి చేసుకుంటున్నాం, ఈ ఇంట్లోనే ఉంటాం. మీరు మాట్లాడితే మాట్లాడండి, లేదా ఇద్దరితోనూ మానెయ్యండి. విన్నావా హెండ్రికా?"

"విన్నాను. పెళ్లి సంగతి కొత్త. మిగతాది పాతదే."

"నీకు తెలుసా?"

"ఊళ్లో తెలియనిదెవరికి? వాళ్లన్న అంత్యక్రియల రోజు అంత ముక్క కేకు ఊరికే పెడతారా ఎవరైనా? ఏమయ్యా కోబుస్, కిటికీ తీసింది కదా, చలి కొడుతుంది. మెడకేదైనా చుట్టుకో."

"...అలాగే హెండ్రికా."

"ఏడవకు కోబుస్. హెండ్రికా, తెలిసి ఇన్నాళ్లూ ఎందుకూరుకున్నారు?"

"ఊరుకున్నామా? బస్సులు ఆగిపోతే పాపం ఈయన ఎలా వస్తాడని, చచ్చినా ఆ ఆఖరి సంతకం ఎవరూ పెట్టకూడదని ఊరంతా చర్చిలో కూర్చుని ఒట్టేసుకున్నాం. పాస్టరు కూడా ఒట్టేశాడు. తీరా ఏ తలమాసినవాడు పెట్టాడో, నీకేమైనా తెలుసా త్రైన్?"