మోటారు రంపం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు, నెల్లిమర్ల శివారులో ఒక గుడిసె ముందు, కట్టెలు కొట్టే మనిషీ అతని భార్యా మాట్లాడుకుంటున్నారు.

"ఏటి మావా, మధ్యాన్నమే వచ్చీసినావు?"

"ఉమాపతి సావుకారు కాలు సగం తెగినాది."

"ఏటన్నావు? ఎలాగ?"

"మిలటరీ వోళ్ల వేలంలో మోటారు రంపం కొన్నాడు. ఇక నీ గొడ్డలితో పనిలేదు, ఇంట్లో పొయ్యికి కట్టెలు నేనే కోసుకుంతానన్నాడు."

"అది ఆయన వల్లవుతాదా?"

"ఇద్దరు పట్టవలసిన రంపమది. ఒక్కడే పట్టినాడు. చింత మొద్దులో బిగుసుకుని ఒక్కసారి ఎగిరినాది, మోకాలి కింద దిగిపోనాది. నా తలగుడ్డతో కట్టి, బండిలో ఆసుపత్రికి తీసుకెల్లాను."

"బతుకుతాడా?"

"బతుకుతాడు. కాలు ఉంతాదో లేదో డాక్టరు సెప్పలేదు."

"దారిలో ఏటన్నాడు?"

"రేపట్నించి ఆ రంపం నువ్వే పట్టు, కట్టెల అడితి పెడతానన్నాడు."

"అంత నెత్తురు కారతంటేనా?"

"కారతన్నప్పుడే."

"నువ్వేటన్నావు?"

"ముందు ఆసుపత్రికి పదండి బాబూ అన్నాను. ఇరవై యేళ్లు గొడ్డలి పట్టినోణ్ని, ఆ రంపమంటే బయమేస్తన్నాది."

"రేపు ఎల్తావా మరి?"

"ఎల్లకపోతే ఇంకొకడు ఎల్తాడు."

"అయితే రెండో కొస నేను పడతాను. నిన్నొక్కణ్నీ దాని దగ్గిరికి పంపను."